పక్కూరి జట్టు లేని పోటీ... ఉప్పు లేని పప్పే!

ఆటలో గెలవడం ఎంత ముఖ్యమో ఎవరి మీద గెలిచామన్నదీ అంతే ముఖ్యం. నమ్మకం కుదరకపోతే మిర్యాలగూడలో ఏ కాలేజీ గ్రౌండు గట్టు మీదైనా కూర్చున్న పాతకాలం అభిమానిని కదిపి చూడండి. ఎక్కడో దూరపు జిల్లా జట్టు మీద ఇరవై పాయింట్ల తేడాతో గెలిచిన మ్యాచ్ గురించి అడిగితే తల గోక్కుంటాడు. అదే సూర్యాపేట చేతిలో ఒక్క పాయింటుతో ఓడిన మ్యాచ్ గురించి అడగండి. ఏ సంవత్సరం, ఆఖరి నిమిషంలో బంతి ఎవరి చేతిలో ఉంది, రిఫరీ ఈల ఎప్పుడు ఊదాడు... అన్నీ పూసగుచ్చినట్టు చెబుతాడు!

ఎందుకంటే సూర్యాపేట పరాయి ఊరు కాదు. అక్కడ మేనత్త ఉంటుంది. కోదాడలో బావ ఉంటాడు. పండక్కో పెళ్లికో వాళ్లింటికి వెళ్లక తప్పదు. ఓడిపోయి వెళ్తే అన్నం వడ్డిస్తూనే ఎత్తిపొడుస్తారు. గెలిచి వెళ్తే మాత్రం కాలు మీద కాలేసుకుని దర్జాగా కూర్చోవచ్చు. మిర్యాలగూడకు సాగర్ ఎడమ కాలువ నీళ్లు, బియ్యం మిల్లులు, రైలుస్టేషన్ ఉన్నాయి. సూర్యాపేట, కోదాడలకు హైదరాబాద్-విజయవాడ హైవే ఉంది. ఒక ఊళ్లో బస్సెక్కితే గంటా గంటన్నరలో ఇంకో ఊళ్లో దిగొచ్చు. ఎవరి గొప్పలు వాళ్లవి. ఆ గొప్పలు తేల్చుకోవడానికి గ్రౌండుని మించిన చోటు ఏముంటుంది!

మరి ఆ పక్కూరు ఒకరోజు హఠాత్తుగా 'ఇకనుంచి మేం మీ గుంపులో లేం' అంటే? అభిమాని పరిస్థితి ఏమిటి? అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ అభిమానులను కొన్నేళ్లుగా వేధిస్తున్న ప్రశ్న ఇది. ఆ దేశం పేరు చెప్పుకోకపోయినా పాత నల్గొండ జిల్లా అభిమానులకూ ఇది ఒకటికి మూడుసార్లు ఎదురైంది.

దసరానాడు గీసిన గీత

2016 అక్టోబరు 11. దసరా. తెలంగాణలో అప్పటిదాకా ఉన్న పది జిల్లాలు ఆరోజు 31 అయ్యాయి. (2019లో ములుగు, నారాయణపేటలు చేరి 33 అయ్యాయి.) 59 మండలాల నల్గొండ జిల్లా మూడు ముక్కలైంది. సూర్యాపేట సొంతంగా జిల్లా అయింది. కోదాడ, హుజూర్‌నగర్ అటు వెళ్లాయి. మిర్యాలగూడ నల్గొండలోనే ఉండిపోయింది. భువనగిరి వైపు ప్రాంతం యాదాద్రి జిల్లా అయింది.

కలెక్టరేట్ దగ్గరైందని జనం సంతోషించారు. ఆటల అభిమాని మాత్రం వేరే లెక్కలో పడ్డాడు. నిన్నటిదాకా జిల్లా జట్టు అంటే ఒకటే. కోదాడ కుర్రాడు కూతకెళ్లి పాయింటు తెస్తే మిర్యాలగూడవాళ్లూ ఈలలు వేసేవారు. వాడూ 'నల్గొండ' అని రాసిన బనీనే కదా తొడుక్కుంది! ఊళ్ల మధ్య పోటీ తాలూకాల స్థాయిలో ఎంత ఉన్నా రాష్ట్రపోటీలు వచ్చేసరికి అందరూ ఒక్కటయ్యేవారు. జిల్లాలు విడిపోయాక అదే కుర్రాడు ఎదుటి కోర్టులో నిలబడితే ఈల వేయాలా, వద్దా?

అలాగని ఆటగాళ్ల వైపు నుంచి చూస్తే నష్టం కనిపించదు. కబడ్డీ అయినా వాలీబాల్ అయినా బాస్కెట్‌బాల్ అయినా జట్టుకు మామూలుగా పన్నెండు మంది. అంటే 59 మండలాల పిల్లలంతా పన్నెండు చోట్ల కోసం కొట్టుకోవాలి. మూడు జిల్లాలు మూడు జట్లను పంపితే చోట్లు ముప్ఫై ఆరు అవుతాయి! ఏ మూలపల్లె పిల్లకో పిల్లాడికో రాష్ట్రపోటీల మెట్టు ఎక్కే వీలు దొరుకుతుంది.

సొంత జిల్లా అయిన ఉత్సాహం ఎలా ఉంటుందో సూర్యాపేట చూపించింది కూడా. 2021 మార్చిలో 47వ జాతీయ జూనియర్ కబడ్డీ పోటీలు అక్కడ జరిగాయి. దేశం నలుమూలల నుంచీ జట్లు వచ్చాయి. చూడ్డానికి జనం విరగబడ్డారు. కానీ మార్చి 22న, ప్రారంభం రోజే, ప్రేక్షకుల గ్యాలరీ కుప్పకూలింది. వందమందికి పైగా గాయపడ్డారు. చిన్న పట్టణంలో ఆటంటే ఎంత ప్రాణమో, ఆ ప్రాణాన్ని కాపాడుకునే ఏర్పాట్లు ఎంత ముఖ్యమో ఆ ఒక్క సాయంత్రం చెప్పింది.

విచిత్రం ఏమిటంటే, గీత గీసినా పాత పేరు పోలేదు. పాఠశాలల క్రీడల్లోనూ ఇంకొన్ని ఆటల్లోనూ 'ఉమ్మడి నల్గొండ జిల్లా' పేరుతో ఎంపికలు జరుపుతూ వచ్చారు. కాగితాల మీద వేరుపడిన అన్నదమ్ములు ఆట కోసం మళ్లీ ఒకే పంక్తిలో కూర్చున్నట్టన్నమాట! పేపరులో ఆ 'ఉమ్మడి' అన్న మాట కనిపించినప్పుడల్లా పాత అభిమాని మొహం విప్పారుతుంది.

పెద్ద చెరువు... చిన్న చెరువు

జిల్లాల కన్నా ముందే కాలేజీ ఆటల్లో ఇంకో పెద్ద మార్పు వచ్చింది. అది చాలామంది గమనించనే లేదు.

ముందుగా కాలేజీ ఆటలు నడిచే పద్ధతి చూద్దాం. ఒక యూనివర్సిటీ కింద ఉన్న కాలేజీలన్నీ తమలో తాము ఆడుకుంటాయి. వాటిని అంతర్ కళాశాలల పోటీలంటారు. అందులో రాణించినవాళ్లను ఏరి యూనివర్సిటీ జట్టు కడతారు. ఆ జట్టు దక్షిణ భారత యూనివర్సిటీలతో 'సౌత్‌జోన్' పోటీల్లో ఆడుతుంది. అక్కడ ముందు నిలిచిన జట్లు అఖిలభారత స్థాయికి వెళ్తాయి. ఈ అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు పెద్దదిక్కు భారత విశ్వవిద్యాలయాల సంఘం. అంటే మీ ఊరి కాలేజీ ఎవరితో ఆడుతుందన్నది అది ఏ యూనివర్సిటీ కింద ఉందన్న దాన్నిబట్టి ఉంటుంది. అనుబంధం మారితే ప్రత్యర్థులూ మారిపోతారు!

2007కు ముందు నల్గొండ జిల్లా డిగ్రీ కాలేజీలు ఉస్మానియా కింద ఉండేవి. మిర్యాలగూడ కె.ఎన్.ఎం. ప్రభుత్వ డిగ్రీ కాలేజీ, కోదాడ కె.ఆర్.ఆర్. ప్రభుత్వ డిగ్రీ కాలేజీ లాంటివన్నీ అంతే. ఉస్మానియా అంటే 1918లో పుట్టిన మహావృక్షం. యూనివర్సిటీ జట్టులో చోటు కావాలంటే జిల్లా పిల్లలు నిజాం కాలేజీ లాంటి నగరపు కాలేజీలను ఢీకొట్టాలి. అక్కడి పిల్లలకు సిమెంటు కోర్టులు, కోచ్‌లు, పొద్దున్నా సాయంత్రం ప్రాక్టీసు. ఇక్కడి పిల్లలకు మట్టి గ్రౌండు, ఒక పీడీ సారు, ఆయన చేతిలో ఒక బంతి. అయినా హైదరాబాద్ వెళ్లి ఒక్క మ్యాచ్ గెలిచి వచ్చారంటే కాలేజీలో ఏడాదంతా అదే కబురు.

2007లో నల్గొండకు సొంత యూనివర్సిటీ వచ్చింది. మరుసటి ఏడాది దానికి మహాత్మాగాంధీ యూనివర్సిటీ అని పేరు పెట్టారు. జిల్లా కాలేజీలు ఉస్మానియా గొడుగు కింది నుంచి దాని కిందికి వచ్చాయి. జిల్లా మూడు ముక్కలయ్యాక కూడా ఆ గొడుగు మారలేదు. నల్గొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి కాలేజీలన్నీ దాని కిందే. పాలనలో విడిపోయిన మిర్యాలగూడ, సూర్యాపేట, కోదాడ కాలేజీ ఆటల్లో మాత్రం కలిసే ఉన్నాయన్నమాట!

దీంతో ఏం లాభం? పెద్ద చెరువులో చిన్న చేపలుగా ఉన్నవాళ్లు చిన్న చెరువులో పెద్ద చేపలయ్యారు. యూనివర్సిటీ జట్టులోకి వెళ్లే దారి దగ్గరైంది. అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో ఆడినట్టు సర్టిఫికెట్ ఉంటే స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగానికి పనికొస్తుంది. మిల్లులో హమాలీగా పనిచేసే తండ్రికి ఆ కాగితం విలువ ఇంకెవరూ చెప్పనక్కర్లేదు. ఆడపిల్లల సంగతీ అంతే. 'పోటీలకు హైదరాబాద్ వెళ్లి నాలుగు రోజులుండాలి' అంటే వెనకాడే తల్లిదండ్రులు 'నల్గొండలోనే, సాయంత్రానికి వచ్చేస్తాం' అంటే సరేనంటారు.

మరి నష్టం? నిజాం కాలేజీని ఓడించి వచ్చామని చెప్పుకునే అవకాశం పోయింది. పెద్దవాళ్లతో తలపడి ఓడినా నేర్చుకునేది చాలా ఉంటుంది. ఆ పాఠం ఇప్పుడు కాలేజీ జట్టుకు అందదు. సౌత్‌జోన్‌కు ఎంపికైన కొద్దిమందికే అందుతుంది. ఉస్మానియా ఒకప్పుడు 'మన' జట్టు. సౌత్‌జోన్‌లో ఎదురైతే అదే ఉస్మానియా ఇప్పుడు ప్రత్యర్థి. ఉస్మానియాలో చదివి, దానికోసం చప్పట్లు కొట్టిన తండ్రి ఒకవైపు... మహాత్మాగాంధీలో చదివే కొడుకు ఒకవైపు. ఒకే ఇంట్లో రెండు జట్లు!

ఒకే ఊరు... రెండు లీగులు

ఇంకో తమాషా ఉంది. ఒకే పట్టణంలో పక్కపక్కనే ఉన్న కాలేజీలు ఎన్నటికీ తలపడకపోవచ్చు. డిగ్రీ కాలేజీ ఏమో మహాత్మాగాంధీ యూనివర్సిటీ కింద ఉంటుంది. ఇంజినీరింగ్ కాలేజీ జేఎన్‌టీయూ కింద ఉంటుంది. వీళ్ల పోటీలు వేరు, వాళ్ల పోటీలు వేరు. ఆ జేఎన్‌టీయూ కూడా ఒకప్పుడు రాష్ట్రమంతటికీ ఒకటే. 2008లో హైదరాబాద్, కాకినాడ, అనంతపురాలకు విడిపోయింది. కోదాడ దాటి కాస్త ముందుకెళ్తే వచ్చే అప్పటి కృష్ణా జిల్లా కాలేజీలు అంతకుముందు వీళ్ల గుంపులోనివే. ఆ తర్వాత అవి కాకినాడ పరిధిలోకి పోయాయి.

మనకిది కొత్తేం కాదు కూడా. ఫుట్‌బాల్‌లో హైదరాబాద్ జట్టు 1956-57, 1957-58ల్లో వరసగా సంతోష్ ట్రోఫీ గెలిచింది. అప్పటికే ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. 1959లో హైదరాబాద్, ఆంధ్ర సంఘాలు కలిసిపోయాయి. దేశాన్ని ఊపేసిన 'హైదరాబాద్' పేరు జట్టు మీంచి చెరిగిపోయింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ పేరుతో మళ్లీ అదే ట్రోఫీ వచ్చింది. క్రికెట్‌లో దీనికి పూర్తి భిన్నం. రాష్ట్రాలు కలిసినా, 2014లో విడిపోయినా రంజీలో హైదరాబాద్ హైదరాబాదే, ఆంధ్ర ఆంధ్రే! తెలంగాణ వచ్చినా మిర్యాలగూడ క్రికెట్ అభిమాని జట్టు మార్చుకోవాల్సిన పని పడలేదు.

అమెరికాలో లెక్క తప్పిన అంకెలు

ఇక అమెరికా సంగతి. పాత నల్గొండ జిల్లా నుంచి అక్కడికి చదువుకు వెళ్లిన పిల్లలు తక్కువేం కాదు. ఫోనులో 'మా కాలేజీ బాస్కెట్‌బాల్ మ్యాచ్‌కి వెళ్లొచ్చాం నాన్నా' అంటుంటారు. అక్కడ కాలేజీ మ్యాచ్‌లకు వేలమంది టికెట్లు కొనుక్కుని వస్తారు. మార్చిలో జరిగే జాతీయ పోటీల్ని దేశమంతా టీవీలకు అతుక్కుపోయి చూస్తుంది.

అక్కడి కాలేజీలు 'కాన్ఫరెన్సులు'గా జట్టుకడతాయి. మన యూనివర్సిటీ పరిధి లాంటిదే. కాకపోతే ప్రభుత్వం చెప్పి చేర్చేది కాదు, కాలేజీలే ఇష్టపడి చేరేవి. ఇరుగుపొరుగు రాష్ట్రాలవి ఒక గుంపుగా ఏర్పడి ఏటా తమలో తాము ఆడుకుంటాయి. దశాబ్దాలు అలాగే గడిచాయి. ఆ తర్వాత టీవీ డబ్బు వచ్చింది. అదీ ప్రధానంగా బాస్కెట్‌బాల్‌కు కాదు, వాళ్ల ఫుట్‌బాల్‌కు! 'బిగ్ టెన్' అనే కాన్ఫరెన్సు 2022లో కుదుర్చుకున్న టీవీ ఒప్పందాల విలువ ఏడేళ్లకు 700 కోట్ల డాలర్ల పైమాటే అని వార్తలొచ్చాయి. ఎక్కువ డబ్బున్న గుంపులోకి దూకడానికి కాలేజీలు పోటీపడ్డాయి.

'ప్యాక్-12' అనే పడమటి తీరపు కాన్ఫరెన్సు మూలాలు 1915 నాటివి. 2022 జూన్‌లో లాస్‌ఏంజిలెస్‌లోని రెండు పెద్ద యూనివర్సిటీలు బయటికి పోతున్నామన్నాయి. 2023 ఆగస్టు 4న ఒక్కరోజే అయిదు తప్పుకున్నాయి. 2024లో పన్నెండింటిలో మిగిలినవి రెండంటే రెండు! ఆ రెండూ కొత్త సభ్యుల్ని పోగేసుకుని మళ్లీ నిలబడే ప్రయత్నంలో పడ్డాయి.

ఇప్పుడు పేర్లు, లెక్కలు చూస్తే నవ్వొస్తుంది. 2024లో 'బిగ్ టెన్'లో కాలేజీలు పద్దెనిమిది అయ్యాయి. 'బిగ్ 12'లో పదహారు. పసిఫిక్ సముద్రం పక్కనున్న స్టాన్‌ఫర్డ్ 'అట్లాంటిక్ తీరం' అనే కాన్ఫరెన్సులో చేరింది. మన కృష్ణా ఒడ్డు జట్టును తీసుకెళ్లి గంగా తీరం లీగులో కలిపినట్టు! తెలుగువాళ్లు దండిగా ఉండే న్యూజెర్సీలోని రట్గర్స్ జట్టుకు లాస్‌ఏంజిలెస్‌లో 'లీగు మ్యాచ్' ఉంటుంది. దూరం దాదాపు నాలుగు వేల కిలోమీటర్లు. అభిమాని కారేసుకుని వెళ్లి చూసొచ్చే దూరమా అది?

కనిపెట్టిన మాస్టారి కాలేజీకే కష్టం

బాస్కెట్‌బాల్‌ను 1891 డిసెంబరులో కనిపెట్టింది జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామ ఉపాధ్యాయుడు. 1898లో ఆయన కాన్సస్ యూనివర్సిటీకి వచ్చి అక్కడ జట్టు కట్టాడు. (గెలిచిన మ్యాచ్‌ల కన్నా ఓడినవి ఎక్కువున్న కాన్సస్ కోచ్ ఆయనొక్కడే కావడం ఇంకో విశేషం!) ఆ కాన్సస్‌కు పక్క రాష్ట్రం మిస్సోరీతో 1907 నుంచి పోటీ. అంతర్యుద్ధం నాటి సరిహద్దు గొడవల జ్ఞాపకాలు కూడా ఆ పోటీలో కలిసి ఉంటాయి. మధ్యలో ఉన్న కాన్సస్ సిటీలో రాష్ట్ర సరిహద్దు ఊళ్లోంచే పోతుంది. రోడ్డుకు ఇటువైపు ఒక జట్టు, అటువైపు ఇంకో జట్టు.

2012లో మిస్సోరీ వేరే కాన్ఫరెన్సుకు వెళ్లిపోయింది. వెళ్లేముందు ఫిబ్రవరి 25న జరిగిన ఆఖరి మ్యాచ్‌లో కాన్సస్ 19 పాయింట్లు వెనకబడింది. అక్కడి నుంచి పుంజుకుని, అదనపు సమయంలో 87-86తో గెలిచింది. అంతే. వందేళ్ల పోటీకి తలుపులు మూసుకున్నాయి. ఆ తర్వాత తొమ్మిదేళ్లపాటు సీజన్‌లో ఆ రెండూ తలపడలేదు. 2017లో తుపాను బాధితుల కోసం ఒక్క ఎగ్జిబిషన్ మ్యాచ్ ఆడాయి. చివరికి 2021 డిసెంబరులో, కాన్ఫరెన్సుతో పనిలేకుండా, రెండు కాలేజీలూ మాట్లాడుకుని పాత పోటీని మళ్లీ మొదలుపెట్టాయి. కాన్సస్ 102-65తో చితక్కొట్టింది. అయినా మిస్సోరీ అభిమానికీ అది తీపి కబురే. ఓడిపోయినా సరే, పాత శత్రువు తిరిగొచ్చాడు కదా!

కనెక్టికట్‌ది ఇంకో కథ. బాస్కెట్‌బాల్ కోసమే 1979లో పుట్టిన 'బిగ్ ఈస్ట్' కాన్ఫరెన్సులో అది మొదటినుంచీ ఉంది. 2013లో ఆ గుంపు విడిపోవడంతో దూరపు కాలేజీలున్న కొత్త గుంపులో పడింది. 2014లో జాతీయ ఛాంపియన్ కూడా అయింది. మామూలుగా అయితే అభిమానులు మురిసిపోవాలి. కానీ తర్వాతి ఏళ్లలో ఆ కొత్త ప్రత్యర్థులతో మ్యాచ్‌లంటే ఉత్సాహం చచ్చింది. 2020లో కనెక్టికట్ మళ్లీ పాత గూటికి చేరింది. 2023, 2024ల్లో వరసగా ఛాంపియన్ అయింది. పాత ఇంటికి వచ్చినందుకే గెలిచిందని చెప్పలేం గానీ, పాత ఇంట్లో గెలిచిన ఆనందం మాత్రం వేరే!

అడిగేవారేరీ!

అమెరికాలో కాలేజీలు గుంపులు మారడానికి కారణం డబ్బు. మన దగ్గర కారణం పాలన. కొత్త జిల్లా వల్లా కొత్త యూనివర్సిటీ వల్లా పిల్లలకు మేలు జరుగుతుంది కాబట్టి ఆ మార్పును తప్పుపట్టడానికి లేదు. కానీ రెండుచోట్లా ఒక విషయం ఒకటే. అభిమానిని ఎవరూ అడగలేదు. ఏ కమిటీలోనూ అతనికి కుర్చీ ఉండదు. టికెట్టు కొనేదీ, ఎండలో నిలబడి అరిచేదీ, ఓడిన రాత్రి అన్నం సహించక పడుకునేదీ మాత్రం అతనే.

నిజానికి అతను కోరేది పెద్దదేం కాదు. జిల్లాలు కలపమనడు, యూనివర్సిటీలు మార్చమనడు. ఏడాదికి ఒక్కసారైనా పక్కూరితో మ్యాచ్ ఉండాలంటాడు. కాన్సస్, మిస్సోరీ చేసింది అదే కదా! డిగ్రీ, ఇంజినీరింగ్ తేడా లేకుండా మూడు ఊళ్ల కాలేజీలూ కలిసి నాలుగు రోజులు ఆడుకోవడానికి ఏ జీవో అవసరం లేదు. పీడీలు నలుగురూ కూర్చుని మాట్లాడుకుంటే చాలు. ఈసారి మిర్యాలగూడలో అయితే వచ్చే ఏడు సూర్యాపేటలో, ఆపై ఏడు కోదాడలో పెట్టుకోవచ్చు. మగపిల్లలతోపాటు ఆడపిల్లల మ్యాచ్‌లూ ఉండాలి. తాగడానికి నీళ్లు, కూర్చోవడానికి కూలని గ్యాలరీ ఉంటే అంతకుమించి ఏం కావాలి!

గెలిచిన ఊరికి కప్పు దొరుకుతుంది. ఓడిన ఊరికి వచ్చే ఏడాది దాకా పళ్లు నూరుకునే పని దొరుకుతుంది. అభిమానికి ఆ రెండో దానిలోనే ఎక్కువ మజా!